కణం చదివే లిపిని రాసి చూపిన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా

న్యూఢిల్లీ: జీవకణం అనుక్షణం ఒక సందేశాన్ని చదువుతూ ఉంటుంది. నాలుగే అక్షరాలతో ఆర్‌ఎన్‌ఏ పోగుపై లిఖితమైన ఆ సందేశాన్ని మూడేసి అక్షరాల చొప్పున గ్రహించి, దానికి అనుగుణంగా ప్రొటీన్లను అల్లుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్, చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్, కండరాన్ని కదిలించే మయోసిన్ అన్నీ ఆ విధంగా రూపొందినవే. ఈ పఠనం ఏ నియమం ప్రకారం సాగుతుందో నిర్ధారించినందుకు 1968లో ముగ్గురు శాస్త్రవేత్తలు వైద్యశాస్త్ర నోబెల్ పురస్కారాన్ని పంచుకున్నారు. వారిలో ఒకరు అవిభక్త పంజాబ్‌లోని ఒక కుగ్రామంలో పుట్టిన హరగోవింద్ ఖొరానా.

ఆ పురస్కారానికి 19 ఏళ్ల ముందు, 1949లో, ఆయన ఢిల్లీ నగరంలో ఉద్యోగం కోసం ప్రయత్నించి విఫలులయ్యారు. ఇంగ్లండ్‌లో డాక్టరేట్, స్విట్జర్లాండ్‌లో పరిశోధనానుభవం ఉన్న ఆ యువ రసాయన శాస్త్రవేత్తకు స్వదేశంలో స్థానం లభించలేదు. జనవరి 9న జరుపుకునే ఆయన జయంతి సందర్భంగా ఆ జీవితాన్ని, ఆ కృషిని స్మరించుకోవడం సముచితం.

చెట్టు నీడలో ఓనమాలు

ఖొరానా జన్మస్థలం రాయ్‌పూర్. ముల్తాన్ ప్రాంతంలోని ఈ గ్రామం ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉంది. అధికారిక పత్రాల్లో ఆయన జన్మదినం 1922 జనవరి 9గా నమోదైనా, అసలు తేదీ కచ్చితంగా తెలియదు. ఒక అక్క, ముగ్గురు అన్నల తరువాత పుట్టిన కడగొట్టు బిడ్డ ఆయన. తండ్రి పట్వారీ. తెలుగు నాట కరణం చేసిన పనికి దగ్గరగా, సాగుభూముల లెక్కలు, పన్నుల లెక్కలు రాసే చిన్న ఉద్యోగం అది. దాదాపు వంద మంది ఉండే ఆ ఊరిలో చదవను, రాయను వచ్చిన కుటుంబం ఇంచుమించు అదొక్కటే. పేదరికం ఉన్నప్పటికీ పిల్లల చదువు విషయంలో తండ్రి పట్టు సడలించలేదు.

ఊరి బడికి భవనం లేదు. చెట్టు కిందే తరగతులు జరిగేవి. అక్కడ ప్రాథమిక విద్య ముగించుకున్న ఖొరానా ముల్తాన్‌లోని డీఏవీ ఉన్నత పాఠశాలలో చేరారు. రతన్‌లాల్ అనే ఉపాధ్యాయుడి ప్రభావం ఆయనపై బలంగా పడింది. అనంతరం లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో 1943లో బీఎస్సీ, 1945లో ఎమ్మెస్సీ పట్టాలు పొందారు. అక్కడ ఆయనకు మార్గదర్శనం చేసిన ఆచార్యుడు మహాన్ సింగ్ ప్రయోగాల్లో కచ్చితత్వానికి పేరుపడ్డవారు.

1945లో భారత ప్రభుత్వ ఉపకార వేతనంపై ఖొరానా ఇంగ్లండ్ చేరుకున్నారు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రోజర్ బీర్ పర్యవేక్షణలో సేంద్రియ రసాయన శాస్త్రంపై పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ సాధించారు. అప్పటికి దేశం విడిపోయింది. పుట్టిన ఊరు సరిహద్దుకు ఆవల ఉండిపోయింది. లక్షలాది పంజాబీ కుటుంబాల వలెనే ఖొరానా కుటుంబమూ శరణార్థులుగా ఢిల్లీకి చేరింది.

జ్యూరిచ్ చదువు, ఢిల్లీ నిరాశ

డాక్టరేట్ తరువాత ఆయన జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ సంస్థలో వ్లాదిమిర్ ప్రెలోగ్ వద్ద చేరారు. జీతం లేని ఆ పరిశోధనా కాలం చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతోనే గడిచింది. అయితే తరువాతి జీవితాన్ని మలుపు తిప్పిన బీజం అక్కడే పడింది. పాత జర్మన్ రసాయన గ్రంథాలను తిరగేస్తుండగా కార్బోడైఇమైడ్‌లు అనే అంతగా ప్రచారంలో లేని పదార్థాల గురించి ఆయన తెలుసుకున్నారు. రెండు అణువుల మధ్య నుంచి నీటిని తొలగించి వాటిని ఒకదానితో ఒకటి అతికించే గుణం వీటికి ఉంది. జన్యువుల అక్షరాలను వరుసగా గుచ్చడానికి ఇదే దారం కాగలదని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

డబ్బు నిండుకోవడంతో జ్యూరిచ్‌లో కొనసాగడం సాధ్యపడలేదు. 1949 శరదృతువులో ఖొరానా ఢిల్లీకి తిరిగి వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లే అయింది. శరణార్థులకు నీడ కల్పించడానికే నగరం సతమతమవుతున్న కాలమది. న్యూక్లిక్ ఆమ్లాల రసాయన శాస్త్రానికి తగిన ప్రయోగశాలలు దేశంలో ఇంకా వేళ్లూనుకోలేదు. ఉద్యోగ ప్రయత్నాలు ఫలించకపోవడంతో ఆయన మళ్లీ ఇంగ్లండ్ బాట పట్టారు. 1950 నుంచి 1952 వరకు కేంబ్రిడ్జ్‌లో జి.డబ్ల్యు. కెన్నర్, అలెగ్జాండర్ టాడ్‌ల వద్ద పనిచేశారు. న్యూక్లియోటైడ్‌ల రసాయన శాస్త్రంలో దిట్టగా పేరొందిన టాడ్ 1957లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ప్రొటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలపై ఖొరానాకు జీవితాంతం నిలిచిన ఆసక్తి ఇక్కడే స్థిరపడింది.

1952లో కెనడాలోని వాంకూవర్ నుంచి ఆహ్వానం అందింది. బ్రిటిష్ కొలంబియా పరిశోధనా మండలి అధిపతి గోర్డన్ ష్రమ్ ఇవ్వగలిగిన సౌకర్యాలు స్వల్పమే అయినా, ఇష్టమైన పరిశోధన చేసుకునే స్వేచ్ఛను మాత్రం పూర్తిగా ఇచ్చారు. అదే ఏడాది ఖొరానా స్విట్జర్లాండ్‌కు చెందిన ఎస్తర్ ఎలిజబెత్ సిబ్లర్‌ను వివాహమాడారు. వారికి ముగ్గురు సంతానం. వాంకూవర్‌లో జాన్ మోఫట్‌తో కలిసి 1959లో కోఎంజైమ్-ఏ అనే సంక్లిష్టమైన జీవరసాయనాన్ని కృత్రిమంగా తయారు చేయడంతో ఆయన పేరు అంతర్జాతీయంగా వినిపించసాగింది. 1960లో ఆయన అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి మారారు.

నాలుగు అక్షరాలు, ఇరవై పూసలు

ఆ కాలంలో జీవశాస్త్రం ముందు ఒక పెద్ద చిక్కుముడి ఉంది. వంశపారంపర్య సమాచారం డీఎన్‌ఏలో భద్రమై ఉంటుందని తెలుసు. కణంలో అధిక భాగం పనులు చేసేవి ప్రొటీన్లని కూడా తెలుసు. ఒకదాని నుంచి మరొకటి ఎలా రూపొందుతుందన్నదే ప్రశ్న.

ప్రొటీన్ అనేది అమైనో ఆమ్లాలు అనే పూసలతో గుచ్చిన దండ. పూసల రకాలు ఇరవై. ఏ పూస తరువాత ఏ పూస రావాలన్న క్రమాన్ని బట్టే ఆ ప్రొటీన్ ఆకారం, స్వభావం నిర్ణయమవుతాయి. ఈ క్రమానికి మూల ప్రతి డీఎన్‌ఏ. మొక్కల్లోను, జంతువుల్లోను అది ప్రధానంగా కణ కేంద్రకంలో ఉంటుంది. దానిలో కావలసిన భాగానికి కణం ఒక నకలు తీసుకుంటుంది. ఆ నకలే వార్తాహర ఆర్‌ఎన్‌ఏ, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ. ఇందులోని అక్షరాలు నాలుగు: అడెనిన్, యురాసిల్, గ్వానిన్, సైటోసిన్. వీటిని సంక్షిప్తంగా ఏ, యూ, జీ, సీ అంటారు.

ఈ నకలు రైబోజోమ్ అనే సూక్ష్మ యంత్రాన్ని చేరుతుంది. అక్కడికి అమైనో ఆమ్లాలను చేరవేసే బాధ్యత బదిలీ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న అణువులది. ఒక్కొక్క బదిలీ ఆర్‌ఎన్‌ఏకు ఒక కొసన అమైనో ఆమ్లం తగిలించి ఉంటుంది. మరొక భాగంలో వార్తాహర ఆర్‌ఎన్‌ఏ అక్షరాలతో జతకట్టే మూడు అక్షరాలు ఉంటాయి. రెండు భాషలూ తెలిసిన దుబాసీ పాత్ర దానిది. అక్షరాలు జతకుదరగానే రైబోజోమ్ ఆ పూసను దండకు కలిపి, తరువాతి మూడు అక్షరాలకు జరుగుతుంది.

నాలుగు అక్షరాలను రెండేసి చొప్పున పేరిస్తే 16 పదాలే వస్తాయి. ఇరవై అమైనో ఆమ్లాలకు అవి చాలవు. మూడేసి చొప్పున పేరిస్తే 64 వస్తాయి. కనుక మూడక్షరాల పదాలే వాడుకలో ఉండాలన్న అంచనా శాస్త్రవేత్తలలో బలంగా ఉండేది. కానీ ఏ పదానికి ఏ అమైనో ఆమ్లం అర్థమో చెప్పే నిఘంటువు మాత్రం లేదు.

దానిలో తొలి పుటను 1961లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న మార్షల్ నీరెన్‌బర్గ్, హైన్రిక్ మథాయ్ తెరిచారు. కేవలం యూ అక్షరాలతో కూడిన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏను వారు బ్యాక్టీరియా కణసారంలో కలిపారు. ఫీనైల్ అలనిన్ అనే ఒకే ఒక అమైనో ఆమ్లంతో కూడిన గొలుసు తయారైంది. అంటే యూయూయూ అనే పదానికి అర్థం ఫీనైల్ అలనిన్. ఒకే అక్షరం పునరుక్తమైన చోట ఈ పద్ధతి బాగానే పనిచేసింది. రెండు మూడు అక్షరాలను కలిపితే మాత్రం అవి గొలుసులో ఇష్టం వచ్చిన వరుసలో అమరేవి. పదంలో ఏయే అక్షరాలున్నాయో తెలిసేది. వాటి వరుస ఏమిటో తెలిసేది కాదు.

రాయగలిగినవాడే చదవగలిగాడు

ఇక్కడే ఖొరానా ప్రత్యేకత వెల్లడైంది. ప్రకృతి రాసిన సందేశాన్ని నేరుగా చదవడం కష్టమైనప్పుడు, తెలిసిన సందేశాన్ని తానే రాసి కణానికి అందించి, అది ఎలా చదువుతుందో గమనించాలని ఆయన సంకల్పించారు. అందుకు ఒక్క అక్షరమైనా తారుమారు కాని ఆర్‌ఎన్‌ఏ కావాలి. ప్రపంచంలో అలాంటి రాతకు సిద్ధంగా ఉన్న ప్రయోగశాలలు అరుదు. జ్యూరిచ్ గ్రంథాలయంలో పరిచయమైన కార్బోడైఇమైడ్ రసాయనం అప్పటికే ఆయన చేతిలో పదునెక్కి ఉంది.

పని మూడు అంచెలుగా సాగింది. ముందుగా రసాయనికంగా ఒక్కొక్క అక్షరాన్ని అతికిస్తూ చిన్న డీఎన్‌ఏ తునకలను తయారు చేశారు. తరువాత, ఆర్థర్ కోర్న్‌బర్గ్ కనుగొన్న డీఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ సాయంతో ఆ తునకల్లోని వరుసే మళ్లీ మళ్లీ వచ్చేలా పొడవాటి పోగులుగా పెంచారు. చివరగా మరొక ఎంజైమ్‌తో వాటికి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీశారు. ఈ నకళ్లను రైబోజోమ్‌లున్న కణసారంలో కలిపి, తయారైన ప్రొటీన్ గొలుసును పరీక్షించారు. అతికించడం, శుద్ధి చేయడం, సరిచూసుకోవడం, మళ్లీ అతికించడం అనే ఈ దీక్షలో జపాన్‌కు చెందిన సుసుము నిషిమురా, జర్మనీకి చెందిన డీటర్ సోల్, నేపాల్‌కు చెందిన ఉత్తమ్ రాజ్‌భండారీ వంటి పరిశోధకులు ఆయనకు తోడుగా నిలిచారు.

ఫలితాలు గణిత నిరూపణ వలె స్పష్టంగా వచ్చాయి. యూ, సీ అక్షరాలు ఒకటి విడిచి ఒకటి వచ్చే ఆర్‌ఎన్‌ఏను తీసుకుందాం. కణం రెండేసి లేదా నాలుగేసి అక్షరాలు చదివేటట్లయితే ప్రతిసారీ ఒకే పదం ఎదురవుతుంది, ఒకే రకం పూసల దండ తయారవుతుంది. మూడేసి చదివితే యూసీయూ, సీయూసీ అనే రెండు పదాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఖొరానా బృందానికి లభించిన గొలుసులో సెరిన్, ల్యూసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు క్రమం తప్పకుండా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి. పదంలోని అక్షరాల సంఖ్య సరిసంఖ్య కాదని దీనితో తేలిపోయింది.

తరువాత మూడక్షరాలు పునరుక్తమయ్యే ఆర్‌ఎన్‌ఏను రాశారు. దీని తర్కాన్ని తెలుగు పదంతోనే గ్రహించవచ్చు. 'కమల' అనే మాటను విరామం లేకుండా 'కమలకమలకమల' అని రాసుకుంటూ పోతే, మొదటి అక్షరం నుంచి చదివినవారికి అన్నీ 'కమల'లే. రెండో అక్షరం నుంచి మొదలుపెట్టినవారికి అన్నీ 'మలక'లే. మూడో అక్షరం నుంచి మొదలుపెడితే అన్నీ 'లకమ'లే. పదాల మధ్య ఖాళీ విడవని పాత తాళపత్రాన్ని చదివేవారికి ఎక్కడ ఆరంభించాలన్నది ఎంత ముఖ్యమో, కణానికీ అంతే. యూయూసీ పునరుక్తమైన ఆర్‌ఎన్‌ఏ నుంచి సరిగ్గా మూడు రకాల గొలుసులు వచ్చాయి. ఒకటి పూర్తిగా ఫీనైల్ అలనిన్, ఒకటి పూర్తిగా సెరిన్, ఒకటి పూర్తిగా ల్యూసిన్. కణం మూడేసి అక్షరాల చొప్పున, నడుమ దేనినీ దాటవేయకుండా, ఒక పదంలోని అక్షరాన్ని మరొక పదంతో పంచుకోకుండా చదువుతుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అవసరం లేకపోయింది.

నాలుగక్షరాల పునరుక్తి మరొక రహస్యాన్ని బయటపెట్టింది. కొన్ని వరుసలు పొడవాటి గొలుసులను ఇవ్వక, రెండు మూడు పూసల వద్దనే ఆగిపోయాయి. ఆ వరుసల్లో యూఏఏ లేదా యూఏజీ అనే పదం ఉంది. వీటికి అమైనో ఆమ్లం అర్థం కాదు. ఇవి వాక్యాన్ని ముగించే బిందువులు. ఆ తరువాత యూజీఏ కూడా ఆ కోవకే చెందుతుందని తేలింది.

మరోవైపు 1964లో నీరెన్‌బర్గ్, ఫిలిప్ లెడర్ ఒక్కొక్క మూడక్షరాల తునక రైబోజోమ్ వద్దకు ఏ బదిలీ ఆర్‌ఎన్‌ఏను రప్పిస్తుందో తెలుసుకునే పద్ధతిని రూపొందించారు. ఖొరానా బృందం 64 పదాలనూ రసాయనికంగా తయారు చేసి ఆ పరీక్షకు పెట్టింది. రెండు మార్గాల ఫలితాలను పక్కపక్కన ఉంచి సరిచూసుకోవడంతో 1966 నాటికి నిఘంటువు దాదాపు పూర్తయింది. 64 పదాల్లో 61 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి. మిగిలిన మూడు విరామ చిహ్నాలు. స్వల్ప భేదాలను మినహాయిస్తే బ్యాక్టీరియా మొదలు మనిషి వరకు అన్ని జీవులదీ ఇదే నిఘంటువు.

నోబెల్ పురస్కారాన్ని ఖొరానాతో పంచుకున్నవారు నీరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీ. ఈస్ట్‌లోని ఒక బదిలీ ఆర్‌ఎన్‌ఏ అక్షరక్రమాన్ని 1965లో పూర్తిగా వెల్లడించిన ఘనత హోలీది. 1969లో భారత ప్రభుత్వం ఖొరానాను పద్మవిభూషణ్‌తో సత్కరించింది. అప్పటికి ఆయన అమెరికా పౌరుడై మూడేళ్లయింది.

పదం నుంచి జన్యువుకు

నోబెల్ అనంతరం ఆయన విశ్రమించలేదు. మూడక్షరాల పదాలను రాయగలిగిన చేతితో ఒక సంపూర్ణ జన్యువునే రాయాలని నిశ్చయించుకున్నారు. హోలీ చదివిన ఆ బదిలీ ఆర్‌ఎన్‌ఏకు మూలమైన జన్యువును ప్రయోగశాలలో నిర్మించినట్లు 1970లో ప్రకటించారు. ప్రపంచంలో కృత్రిమంగా రూపొందిన తొలి జన్యువు అది. అదే ఏడాది ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీలో ఆచార్యులుగా చేరారు. 1976లో ఆయన బృందం మరొక మెట్టు ఎక్కింది. ఈసారి నిర్మించిన కృత్రిమ జన్యువు బ్యాక్టీరియా కణంలో ప్రవేశించి సహజ జన్యువు వలెనే పనిచేసింది. మనిషి రాసిన వాక్యాన్ని ప్రాణమున్న కణం తన వాక్యంగానే స్వీకరించింది.

ఆ పైన ఆయన దృష్టి కణపొరల్లో ఉండే ప్రొటీన్లపైకి మళ్లింది. కాంతిని గ్రహించే బ్యాక్టీరియోరోడాప్సిన్, కంటిలో చూపుకు మూలమైన రోడాప్సిన్ ఎలా పనిచేస్తాయన్న అధ్యయనానికి దశాబ్దాలు వెచ్చించారు. ఒక రంగంలో శిఖరాన్ని అందుకున్నాక దానిని అంటిపెట్టుకుని ఉండక, కొత్త విద్యార్థి వలె మరొక రంగంలో అడుగుపెట్టడం ఆయన స్వభావం. మితభాషి, ప్రచారానికి దూరంగా ఉండే మనిషి. 2007లో పదవీ విరమణ చేసిన ఖొరానా 2011 నవంబర్ 9న మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో 89వ ఏట కన్నుమూశారు.

నేటి వైద్యంలో ఆ లిపి

కణం ఆర్‌ఎన్‌ఏను చదివే తీరు తెలిసిన తరువాత, ఆ పఠనాన్ని ఆపడం గాని మళ్లించడం గాని వైద్యానికి సాధనమైంది. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లే ప్రయోగశాలల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గానికి ఆద్యమైన ఔషధం. బ్యాక్టీరియా రైబోజోమ్ వద్దకు బదిలీ ఆర్‌ఎన్‌ఏ చేరకుండా ఈ వర్గపు మందులు అడ్డుపడతాయని తరువాతి పరిశోధనల్లో తేలింది. చదువు ఆగిన బ్యాక్టీరియా కొత్త ప్రొటీన్లు చేసుకోలేక పెరుగుదల కోల్పోతుంది.

కొవిడ్ మహమ్మారి వేళ అదే జ్ఞానం మరొక దిశలో అక్కరకు వచ్చింది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలో ఉండేది వైరస్ కాదు, వైరస్ పైపొరపై ఉండే ఒక ప్రొటీన్‌కు సంబంధించిన లిఖిత సందేశం. దానిని శరీర కణాలు తమ రైబోజోమ్‌లతో చదివి ఆ ప్రొటీన్‌ను తయారు చేస్తాయి. దానిని గుర్తుపట్టడం రోగనిరోధక వ్యవస్థ నేర్చుకుంటుంది. పుణెకు చెందిన జెనోవా సంస్థ రూపొందించిన జెమ్‌కోవాక్-19 టీకాకు 2022 జూన్‌లో అత్యవసర వినియోగ అనుమతి లభించింది. దేశీయంగా తయారైన తొలి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఇదే. తెలిసిన సందేశాన్ని మనమే రాసి కణం చేత చదివించడమన్న ఖొరానా మార్గం ఆ విధంగా ప్రయోగశాల దాటి ప్రజల భుజాల వరకు వచ్చింది.

దేశ రాజధానిలోనూ పరిస్థితులు మారాయి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 1986లో ఏర్పడింది. జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థ, అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్ కేంద్రం ఢిల్లీలోను, ప్రాంతీయ బయోటెక్నాలజీ కేంద్రం ఫరీదాబాద్‌లోను పనిచేస్తున్నాయి. 1949లో ఒక యువ శాస్త్రవేత్త వెతుక్కున్న ప్రయోగశాలల వంటివి ఇప్పుడు ఈ ప్రాంతంలో పలు చోట్ల ఉన్నాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, బయోటెక్నాలజీ శాఖ, భారత-అమెరికా శాస్త్ర సాంకేతిక వేదిక కలిసి 2007లో ఖొరానా పేరిట ఒక కార్యక్రమాన్ని ఆరంభించాయి. దానితో భారతీయ విద్యార్థులకు అమెరికా ప్రయోగశాలల్లో పనిచేసే అవకాశం కలిగింది.

ప్రతిభ ఒక్కటే శాస్త్రవేత్తను తయారు చేయదని ఖొరానా జీవితం చెబుతోంది. పట్వారీ తండ్రి పట్టుదల, చెట్టు కింది బడి, ప్రభుత్వ ఉపకార వేతనం, వాంకూవర్‌లో దొరికిన స్వేచ్ఛ ఒకదాని వెంట ఒకటి అందడం వల్లనే ఆ ప్రతిభ ఫలించింది. ఆ వరుసలో స్వదేశం అందించవలసిన ఒక మెట్టు తగిన వేళకు అందలేదు. ఈనాడు డాక్టరేట్ ముగించుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసే యువ పరిశోధకులకు ఆ మెట్టు సకాలంలో దొరుకుతోందా అన్నదే ఆయన జయంతి నాడు విధాన నిర్ణేతలు వేసుకోవలసిన ప్రశ్న.